జర్మనీలో నేను కురిపించిన వాన

ఆకాశంలో వస్తున్న సైనిక విమానాన్ని దిగనివ్వకుండా పక్కకు తోలేసిన ఆడమనిషి గురించి మీరెప్పుడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ మనిషిని నేనే. నా చేతిలో తుపాకీ లేదు, ఫిరంగి లేదు. కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి, నోరు తెరిచాను. అంతే. నవ్వేవాళ్ళు నవ్వండి గానీ, ప్రార్థన పనిచేయదని మాత్రం నాతో అనకండి. పనిచేయడమే ఇక్కడ వచ్చిన చిక్కు.

మాది కుందుర్పి పక్కన ఒక పల్లె. మా ఆయన సుధీర్‌ది గోరంట్ల. చదువుకోవడానికి అమెరికా వెళ్ళి అక్కడి సైన్యంలో చేరాడు. మా పెళ్ళయిన ఏడాదికి ఆయన్ను జర్మనీలో ఉన్న అమెరికా స్థావరానికి పంపారు. వెనకాలే నేను. మూడు దేశాల మీద నిలబడాల్సి వచ్చింది, నాకున్నవేమో రెండే కాళ్ళు.

నాకు మూడో నెల ఉండగా ఆయన్ను ఎక్కడో తూర్పు సరిహద్దు దగ్గర తొమ్మిది నెలల డ్యూటీకి వేశారు. పాప పుట్టింది. కృప అని పేరు పెట్టుకున్నాం. దానికి మూడు నెలలు నిండాయి గానీ తండ్రిని ఫోనులో తప్ప చూడలేదు. నాన్న అంటే అరచెయ్యంత పొడవుండే మనిషనీ, మధ్యమధ్యలో బిగుసుకుపోతాడనీ అనుకుంటున్నట్టుంది. ఆ మనిషి శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు అసలు కొలతలతో విమానం దిగబోతున్నాడు. నేను నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నాను.

ఆ వారం బుధవారం పొద్దున మా నాయన ఫోను చేశాడు.

“ఏమ్మా, పాప పాలు తాగిందా?”

“తాగింది నాయనా. ఆడ వాన పడిందా?”

“యాడమ్మా! మబ్బు వస్తాండాది, మన చేను మొగం చూసి పోతాండాది. శెనక్కాయ చెట్లు ఊడలు దిగే టయిము. ఈ వారం పడకుంటే కట్టె తప్ప కాయ ఉండదు. నువ్వు ప్రార్థన చెయ్యమ్మా. చిన్నప్పటి నుంచి నీ ప్రార్థనకు బలముండాది.”

ఆ చివరి మాట నా నెత్తికెక్కింది. చెడింది అక్కడే.

ఇక్కడ మా ఊరి చర్చి సంఘం గురించి ఒక మాట చెప్పాలి. మా పల్లెలో ఏ ప్రార్థనైనా వానతోనే ముగుస్తుంది. పెళ్ళిలో, “ప్రభువా, ఈ దంపతులకు సంతానమియ్యి, వాననియ్యి.” సమాధి దగ్గర, “ఈ తల్లి ఆత్మకు విశ్రాంతినియ్యి, మాకు వాననియ్యి.” పదో తరగతి పరీక్షలకు వెళ్ళే పిల్లల తల మీద చెయ్యి పెట్టినా అదే. వాన ఎక్కడ పడాలో ఎవరూ చెప్పరు. దేవుడికి తెలియదా ఏం, కొరత ఎక్కడుందో! నాకు పదేళ్ళప్పుడే ఉపవాస కూడికలో నిలబెట్టి గొంతెత్తి ప్రార్థించడం నేర్పారు. ఆ ప్రార్థన నా నాలుక మీద అచ్చు వేసినట్టు ఉంటుంది.

అదే బుధవారం సాయంత్రం స్థావరంలోని చాపెల్‌లో సైనికుల భార్యల ప్రార్థన కూడిక. శనివారం భర్తలు వస్తున్నారు కదా, అందరి ముఖాలూ వెలుగుతున్నాయి. మా పెద్దక్కలాంటిది డెనీస్, ఒక సార్జెంటు భార్య, ఆరడుగుల మనిషి. ఆమె నా భుజం తట్టి అంది:

“చెల్లీ, ముగింపు ప్రార్థన నువ్వు చెయ్యి. మీ భాషలోనే చెయ్యి. ఆయనకు అన్ని భాషలూ వచ్చు. మేము ఆమేన్ అంటాం. దీన్ని రికార్డు చేసి మన వాళ్ళకు పంపిద్దాం, దారిలో వింటారు.”

లేచి నిలబడ్డాను. ఒక్క వాక్యం భర్తల గురించి చెప్పిన గుర్తు. ఆ తర్వాత ఎండిన చేను కళ్ళలో మెదిలింది. ఇక నాలుకను పట్టేవాళ్ళు లేరు. “ప్రభువా, ఆకాశపు వాకిళ్ళు తెరువు! వాన కురిపించు!” “ఆమేన్!” “చినుకులు కాదు ప్రభువా, కుంటలు నిండి మరువలు పారాలి!” “ఆమేన్!” “మబ్బు వచ్చి వెళ్ళిపోకూడదు, ఇక్కడే నిలవాలి!” “ఆమేన్, ఆమేన్!” నలభై మంది ఆడవాళ్ళు కళ్ళ నీళ్ళతో చేతులెత్తారు. డెనీస్ అయితే బల్ల గుద్దింది. భర్తలు ఎండలో హాయిగా దిగాలని మైదానంలో టెంట్లు వేయించినవాళ్ళు, ఆ టెంట్లు కొట్టుకుపోవడానికి ఏకమనస్సుతో విజ్ఞాపన చేశారు. మీరే చెప్పండి, పరలోకంలో అంత గట్టి అర్జీని ఎవరు పక్కన పెడతారు?

గురువారం ఎండ. శుక్రవారం ఎండ. శనివారం పొద్దున కూడా ఎండే. నేను పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర కట్టి, కృపకు కొత్త గౌను వేసి, మైదానానికి వెళ్ళాను. రాత్రింబవళ్ళు కూర్చుని రంగులు దిద్దిన బ్యానర్లు, చుట్టలు తిప్పిన జుట్లు, అత్తరు వాసనలు. ఒంటిగంటకు పడమట ఒక మబ్బు లేచింది. బియ్యపు బస్తా అంత ఉంది. నాకు సంతోషమే కలిగింది. మబ్బును చూస్తే మా వాళ్ళకు పుట్టే సంతోషం అది, దాన్ని ఆపుకోలేం. రెండుకల్లా అది ఆకాశాన్నంతా కప్పేసింది. రెండున్నరకు మొదలైంది.

మామూలు వాన కాదు, నేను అడిగిన వాన! టెంట్లు గొడుగుల్లా తిరగబడ్డాయి. బ్యానర్ల మీద భర్తల పేర్లు కారి బురదలో కలిశాయి. పిల్లల్ని చంకనేసుకుని అందరం వ్యాయామశాలలోకి పరుగెత్తాం. అక్కడికి తడిసిన టోపీతో ఒక అధికారి వచ్చాడు.

“పిడుగుల వల్ల విమానం ఇక్కడ దిగలేదు. వేరే విమానాశ్రయానికి మళ్ళించారు. క్షేమంగా దిగారు. బస్సుల్లో వస్తున్నారు, నాలుగు గంటలు పడుతుంది.”

తొమ్మిది నెలలు ఏడవకుండా గడిపిన ఆడవాళ్ళు ఆ నాలుగు గంటలకు ఏడ్చేశారు. డెనీస్ తిన్నగా నా దగ్గరకు వచ్చింది.

“చెల్లీ, లే! బుధవారం చేసినట్టు ఇంకొకసారి చెయ్యి. అంత శక్తిగల ప్రార్థన నేను ఎన్నడూ వినలేదు. ఈ వాన ఆగిపోవాలి!”

లేచాను. చేతులెత్తాను. నోరు తెరిచాను. మాట లేదు. వాన ఆగమని అడగడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు! మా సంఘంలో అది ఎవరూ నేర్పలేదు, ఎవరికీ ఏనాడూ అవసరం పడలేదు. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. నేను చేపలా నోరు తెరిచి మూస్తున్నాను.

“డెనీసక్కా,” అన్నాను చెవిలో, “బుధవారం నేను అడిగింది వానే.”

ఆమె ఒక కన్ను తెరిచింది. “ఏమన్నావు?”

“మా నాయన చేను ఎండుతోంది. అలవాటుగా అడిగేశాను. ఏ ఊరో చెప్పలేదు.”

“ఎంత అడిగావు?”

“మాకు అడిగినంత ఎప్పుడూ పడదక్కా. అందుకని కొంచెం ఎక్కువే అడిగాను.”

ఆమె కిటికీలోంచి మైదానాన్ని చూసింది. అక్కడ కుర్చీలు ఈదుతున్నాయి. ఆ పెద్ద దేహమంతా వణకడం మొదలైంది. కోపమేమో అని నేను వెనక్కి జరిగాను. నవ్వు! నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. “ఆమేన్ అని బల్ల గుద్దింది నేను కదా,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “సరే. ఈ మాట ఈ గది దాటకూడదు. నువ్వు మాట్లాడకు, నేనూ మాట్లాడను.”

ఇంకా వెలుగు ఉండగానే బస్సులు వచ్చాయి. వాన అలాగే ఉంది. దిగినవాడు దిగినట్టు తల మీద సంచి పెట్టుకుని లోపలికి పరుగెత్తుతున్నాడు. ఒక్కడు మాత్రం పరుగెత్తలేదు. బస్సు పక్కన నిలబడి, టోపీ తీసి, ముఖం పైకెత్తి తడుస్తున్నాడు. గోరంట్ల మనిషిని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టవచ్చు. నేను కృపను పైట కింద దాచుకుని, పట్టుచీర సంగతి మరిచి వానలోకి నడిచాను.

ఆయన ముందు పాపను తీసుకున్నాడు. అది తండ్రి ముఖాన్ని ఈ చెవి నుంచి ఆ చెవి దాకా చూసింది. ఇంత పెద్దవాడని ఎవరూ చెప్పలేదే అన్నట్టు నోరు తెరిచింది. ఆయన ఒంగి దాన్ని తన కోటులో దాచాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

“నీ ప్రార్థన విన్న్యా.”

“యా ప్రార్థన?” అన్నాను, ఏమీ ఎరగనట్టు.

“డెనీసక్క పంపించింది గదా! విమానంలో కెప్టెను అందరికీ వినిపించినాడు. కంపెనీలో సిపాయిలంతా తలలు వంచి ఆమేన్, ఆమేన్ అంటాండారు. తెలుగు వచ్చినోడు నేనొక్కడే. పక్కకు తిరిగి చూస్తే కిటికీలో మెరుపులు!”

“అయ్యో! అర్థమేమని అడగలేదా వాళ్ళు?”

“అడగకుండా ఉంటారా? పైనుంచి దీవెనలు ధారగా రావాలని అడుగుతాండాది మా ఇంటామె అని చెప్పినా. అబద్ధమేమీ చెప్పలేదు గదా?”

మర్నాడు నాయనకు ఫోనులో అంతా చెప్పాను.

“అయితే ఆడ పడిందా!”

“పడింది నాయనా. నన్ను క్షమించు.”

“ఏమి క్షమించేది? యాడ పడినా నేల తడిసింది గదా. అల్లుడు బిడ్డను ఎత్తుకున్నాడా? అది చెప్పు ముందు.”

చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆయనా ముక్కు చీదాడు.

పన్నెండు రోజులకు మా చేను మీద కూడా పడింది. సగం పంట దక్కింది. ఆ ప్రార్థన నాది కాదు, నాయనది. ఆయన చేను గట్టు మీద మోకరించి అడిగాడు, పొరపాటుకు తావు లేకుండా.

ఒట్టు పెట్టుకోకూడదని మా బోధ. కాబట్టి ఇది ఒట్టు కాదు, సంఘం ఎదుట నిలబడి చేస్తున్న తీర్మానం: ఇకమీదట నేను వాన అడిగితే దేశం, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, చేను సర్వే నంబరు వరుసగా చెప్పి, హద్దులు నాలుగూ చూపించి, ఆ రోజు ఆ చుట్టుపక్కల విమానాలేమైనా ఉన్నాయేమో కనుక్కుని, ఆ తర్వాతే ఆమేన్ అంటాను.