అడగని ప్రశ్నకు కాదన్న ట్యాబ్

మా ఆఫీసులో ప్రాజెక్టు నడిపే పెద్దమనిషికి ప్రతి పనీ పది నిమిషాల పనే. ఆయన ఏ పనీ చేయడు కాబట్టి అలా అనిపిస్తుంది. గమ్హరియా పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ట్యాబ్‌లలో నడిచే యాప్ మాది. కాంట్రాక్టు కార్మికుడు రాగానే గార్డు అతని నంబరు కొడతాడు. ఫొటో, బ్లడ్ గ్రూపు, చేసే పని తెర మీదికి వస్తాయి. దాన్ని ఎప్పుడో ఆబ్జెక్టివ్-సి అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాం. రాసినవాళ్లలో మిగిలింది నేనొక్కడినే. కొత్తగా చేరినవాళ్లు ఆ భాష పేరు వింటేనే మొహం చిట్లిస్తారు. వాళ్లు రాసేదేదో చూశాను, చిట్లించేంత గొప్పగా ఏమీ లేదు.

ఒక రోజు పెద్దమనిషి కాఫీ కప్పుతో నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"హైట్ పాస్ కూడా చూపించమంటున్నారు. ఎత్తులో పనికి ఫిట్టా కాదా, బస్. ఒక్క ఫీల్డే కదా యార్, పది నిమిషాల పని."

ఆ ఒక్క ఫీల్డ్ సంగతి చెప్పాలి. కార్మికుడి వివరాలన్నీ కలిపి మేం తయారుచేసుకున్న ఆబ్జెక్ట్, యాప్ నడుస్తున్నంతసేపే ప్రాణంతో ఉంటుంది. ఆపితే పోతుంది. నిలవాలంటే దాన్ని సున్నాలూ ఒకట్లుగా మార్చి ఫైల్లో దాచాలి. సొంతంగా తయారుచేసుకున్న ఆబ్జెక్ట్‌ను ఎలా దాచాలో ఆ భాషకు తెలియదు, మనమే నేర్పాలి. సర్దే పద్ధతి ఒకటి, విప్పే పద్ధతి ఒకటి రాయాలి. ఇల్లు మారేటప్పుడు డబ్బాల మీద చీటీలు అంటించినట్టు ప్రతి వివరానికీ ఒక పేరు పెట్టి సర్దుతాం, అదే పేరుతో అడిగి బయటికి తీస్తాం. అడిగిన చీటీ పెట్టెలో లేకపోతే అది అరవదు. అవునా కాదా అనే వివరమైతే నింపాదిగా 'కాదు' అని చేతిలో పెడుతుంది.

ఇది నాకు తెలుసు. తెలిసే, సర్దేచోట ఒక వరుస, విప్పేచోట ఒక వరుస రాసి పడేశాను. పెద్దమనిషి పరీక్ష చేయించాడు. మా పరీక్షల వైభవం ఏమిటంటే, చిన్న తేడా వస్తే చాలు, యాప్ తీసేసి మళ్లీ కొత్తగా వేసుకుంటాం. కొత్త యాప్, కొత్త ఫైళ్లు, కార్మికుల పేర్లు కూడా మేం కల్పించినవే. అన్నీ పచ్చగా వచ్చాయి. గేట్లలో ఏళ్ల తరబడి పేరుకున్న పాత ఫైళ్లను ఒక్కడూ తెరవలేదు. తెరవనివాళ్లలో నేనూ ఉన్నాను. పెద్దమనిషి అందరికీ సమోసాలు తెప్పించాడు.

మరమ్మతుల కోసం యంత్రాలు ఆపే షట్‌డౌన్ మొదటిరోజు పొద్దున ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర పాతవాళ్లందరికీ ఎర్ర గీత వచ్చింది. హైట్ పాస్ లేదు. పాత ఫైళ్లలో ఆ చీటీయే లేదు మరి.

వాళ్లలో, మేముండే మాంగో పేటలో మా పక్కింటి బాబాయ్ ఒకడు. చుట్టరికం ఏమీ లేదు, మా నాన్నా ఆయనా టెక్కలి వైపు నుంచి ఒకే రైల్లో వచ్చారు. ఆయన రిగ్గర్, అంటే ఎత్తుల మీదికెక్కి బరువులకు గొలుసులు కట్టే మనిషి. ఆ పని తప్ప ఇంకోటి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ రోజు ఆయన్ని కింద ఇనుప ముక్కలు ఏరమన్నారు. సాయంత్రం మా ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పోయిన్నెల డాక్టరు సెవులు, కళ్లు అన్నీ సూసినాడు బాబూ. ఏటీ సెప్పనేదు. ఇప్పుడు మిషన్లో ఎర్రగా వచ్చింది. నాకేటో ఐపోనాది, మీరందరూ దాసీసినారు."

"అదేం లేదు బాబాయ్, నా తప్పు," అన్నాను. నాన్న, ఒకప్పటి షిఫ్ట్ ఫోర్‌మన్, మంచం మీద నుంచి అన్నీ వింటున్నాడు. అడిగితే మొత్తం చెప్పాను.

"మా లాగ్‌బుక్కులో గడి కాళీగా వదిలితే తరవాత షిఫ్టోడు సంతకం ఎట్టీవోడు కాదు. సూడకపోతే 'సూడనేదు' అని రాసీవోళ్లం. నీ దాన్లో ఆ ముక్కకి సోటు నేదేట్రా?"

ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పెద్దమనిషిని, కొత్తవాళ్లని, గేటు గార్డుల్ని అందరినీ చిన్నచూపు చూస్తూ వచ్చాను. మసిపట్టిన లాగ్‌బుక్కుకు ఉన్నపాటి బుద్ధి నాకు లేకపోయింది.

మర్నాడు సరిదిద్దాను. చీటీ ఉందా అని ముందు అడగాలి, లేకపోతే 'చూడలేదు' అని చూపాలి. నిజంగానే పది నిమిషాలు పట్టింది. పెద్దమనిషి మాత్రం పాత డేటా వల్ల వచ్చిన చిన్న ఇబ్బందిని తన టీమ్ రికార్డు వేగంతో పరిష్కరించిందని పైవాళ్లకు మెయిల్ రాశాడు. అందులో కార్మికుడు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. చదివి నవ్వుకున్నాను, నవ్వే మొహం నాకూ లేదని తెలుస్తూనే ఉంది.

డాక్టరు కాగితం తెప్పించి బాబాయ్ వివరం నేనే ఎక్కించాను. గీత పచ్చగా మారింది. అయినా ఆయన ఎక్కలేదు. రెండు మెట్లెక్కి దిగిపోయాడని, కింద నిలబడి తాడు పట్టుకుంటున్నాడని తెలిసి వాళ్లింటికి వెళ్లాను.

"పైకెల్తే కాళ్లు వణుకుతన్నాయి బాబూ. ముందు వణికీవి కావు."

"మీకేం జబ్బు లేదు బాబాయ్. ఆ ఎర్ర గీత నేను తప్పు రాయడం వల్ల వచ్చింది. ఒట్టు."

ఆయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. గొలుసులు లాగి లాగి గరుకెక్కిన చెయ్యి.

"నా కోసం అబద్దాలాడకు. నువ్వు తప్పు రాత్తావేటి? ఈ ఇళ్ల లైన్లో అందరికీ నీ గురించి గొప్పగా సెప్పినోణ్ని నేను."