కరెంటు కడ్డీలు పట్టుకున్న రోజు

దొరల కాలంలో, మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే రోజుల్లో, మా ఇద్దరు పిల్లలకు యంత్రాల మ్యూజియం చూపిద్దామని మద్రాసు తీసుకెళ్లాను. అక్కడ గుమాస్తాగా ఉన్న మా బామ్మర్ది స్టేషనుకొచ్చాడు. అప్పటినుంచి పిల్లలు అతని చెరో చెయ్యీ పట్టుకుని వదల్లేదు.

"మామా, అదేంది? మామా, ఇది ఎట్ల తిరుగుతాది?"

అన్నీ అతనికే తెలుసు. వెనకాల సంచి మోస్తున్న నాయన ఎవరికీ గుర్తు లేడు. సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

ఒకచోట ఇత్తడి కడ్డీలు పట్టుకుంటే బంట్రోతు చక్రం తిప్పి కరెంటు ఎక్కించే యంత్రం ఉంది.

"నీవల్ల కాదులే బావా" అన్నాడు బామ్మర్ది.

పట్టుకున్నాను. పిడుగు పడ్డట్టయి, పది గజాల అవతల పడ్డాను!

పడలేదు లెండి. అరచేతుల్లో చీమలు పాకినట్టయింది, అంతే. కానీ నేను "చచ్చినాన్రో!" అని అరవగానే పిల్లలిద్దరూ మామను వదిలేసి, "నాయనా!" అని ఏడుస్తూ వచ్చి నా నడుము వాటేసుకున్నారు. దాంతో ఇంకాస్త గట్టిగా అరిచాను.

బామ్మర్ది నా చెవి దగ్గరకొచ్చి, "చాల్లే బావా, చక్రం ఆపి శానా సేపయింది" అన్నాడు.

ఆ యంత్రం కనిపెట్టిన పుణ్యాత్ముడికి ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆయన పేరేమిటో మా బామ్మర్దికి తెలుసు. అడగడానికే నాకు మనసొప్పదు.