ముత్తమ్మ చదవాల్సిన పుస్తకం

నిన్న పొద్దున మిర్యాలగూడ నుంచి రమ ఫోన్ చేసింది. సూర్యాపేటలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్‌లో నాకూ సుజాతకూ రూమ్‌మేట్.

"పద్మా, సుజాత పోయిందే. హార్ట్ ఎటాకంట."

స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను.

తర్వాత కూడా ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

నాకు జవాబు చెప్పకుండా ఎట్లా పోతావే?

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కానీ అదొక్కటే చెప్పడం నా వల్ల కాదు.

తొంభైల మొదట్లో మాట. ఫైనల్ ఇయర్‌లో మా తెలుగు మేడమ్ ఒక ప్రాజెక్ట్ ఇచ్చింది. పదహారు పేజీల చిన్న పుస్తకం మేమే రాసి అచ్చు వేయించాలి. ఎవరి కోసం రాయాలో కూడా మేమే తేల్చుకోవాలి.

సార్ల కోసమని కొందరు, జూనియర్ల కోసమని కొందరు. సుజాత మాత్రం నోట్‌బుక్ మొదటి పేజీలో "చదివేది ఎవరు?" అని రాసి, దాని కింద మా అమ్మ పేరు రాసింది.

ముత్తమ్మ, తిరుమలగిరి.

అమ్మ అప్పుడప్పుడే రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటోంది. "మీ అమ్మకి అర్థమైతే అందరమ్మలకీ అర్థమవుద్ది" అంది సుజాత. కోదాడ పిల్ల కదా, మాట కొంచెం అటు ఆంధ్ర వైపు మొగ్గేది.

రూల్ కూడా తనే పెట్టింది. చదువుతూ అమ్మ ఎక్కడ ఆగితే ఆ మాట కొట్టేయాలి.

ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కి మా ఊరు పోయాం. నా చేతిరాతలో ఉన్న కాగితాలు అమ్మ ముందు పెట్టాం. అమ్మ ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివింది. వేలు ఆగిన చోటల్లా సుజాత ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.

"నిరీక్షణ" దగ్గర వేలు ఆగింది.

"గిదేంది బిడ్డా? గిట్ల ఎవలు మాట్లాడతరు?"

"ఎవరూ మాట్లాడరు పెద్దమ్మా, మీ పద్మ ఒక్కతే" అని సుజాత పడీపడీ నవ్వింది. నేను మొహం మాడ్చుకున్నాను. సాయంత్రానికి నా పేజీల నిండా ఎర్ర సున్నాలే.

నిజం చెప్పాలంటే నాకు రాయడం వచ్చింది ఆ రోజే. నేర్పింది సుజాతే.

పుస్తకంలో మొదటి కథ అమ్మదే. చదువు రాక, సూర్యాపేట బస్సనుకుని జనగామ బస్సెక్కిన రోజు కథ. "అమ్మ బస్సు ఎక్కింది. అది మన బస్సు కాదు" అని మొదలవుతుంది. పుస్తకం విడుదల రోజు ఆ పేజీ అమ్మే స్టేజీ మీద చదవాలని ప్లాన్.

ప్రెస్ కోదాడలో, సుజాత మేనమామది. ప్రూఫులు నేనే చూసుకుంటానంది.

నమ్మాను.

విడుదల రోజు అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని కాలేజీకి వచ్చింది. సుజాతే చేయి పట్టుకుని స్టేజీ ఎక్కించి పుస్తకం చేతికిచ్చింది.

అమ్మ పేజీ తెరిచింది. వేలు పెట్టింది.

వేలు కదల్లేదు.

హాలంతా ఎదురుచూస్తోంది. అమ్మ ఒకసారి నా వైపు చూసింది. పుస్తకం మూసేసింది.

"అద్దాలు మర్శిపోయొచ్చిన సారూ" అని కిందికి దిగింది.

మా అమ్మకు కళ్లద్దాలు లేవు. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు.

నేను పుస్తకం లాక్కుని చూశాను. "అజ్ఞానాంధకారంలో నిమగ్నమైన ఒక గ్రామీణ మాతృమూర్తి..." అని మొదలైంది. పదహారు పేజీలూ అదే వరస. అట్ట మీద సంపాదకురాలిగా సుజాత పేరు.

"ఏందే ఇది?" అన్నాను.

"చీఫ్ గెస్ట్ పెద్ద పండితుడు కదే. ఒకటో క్లాసు వాచకంలా ఉంటే మనల్ని ఎవరు మెచ్చుకుంటారు?"

మెచ్చుకున్నారు. శాలువా కూడా కప్పారు.

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. నన్ను మోసం చేసి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. నోట్‌బుక్ మొదటి పేజీలో ఎవరి పేరు రాశావే నువ్వు?

మర్నాటి నుంచి అమ్మ రాత్రి బడికి పోలేదు. పత్తి పనికే తీరడం లేదంది. బస్టాండ్‌లో మళ్లీ "గిది సూర్యాపేట పోతదా?" అని పక్కవాళ్లను అడగడం మొదలుపెట్టింది. ఆ రోజు సంగతి అమ్మ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సుజాత మిర్యాలగూడలో లెక్చరర్ అయింది. ఒకసారి అక్కడి బస్టాండ్‌లో నన్ను చూసి "పద్మా" అని పిలిచింది. వినిపించనట్టు బస్సెక్కేశాను. బస్సు పక్కనే నడుచుకుంటూ నా కిటికీ దాకా వచ్చింది. నేను తల తిప్పలేదు.

నిన్న అమ్మకు చెప్పాను.

"గా కోదాడ పిల్లనా? అయ్యో. నన్ను మంచిగ సదివించె గదనే" అని కళ్లొత్తుకుంది.

నేనిక ఆగలేకపోయాను. ఆ పుస్తకం మార్చేసింది ఆ పిల్లేనమ్మా అన్నాను. మనం రాసిన మాటలు అందులో ఒక్కటీ లేవన్నాను.

అమ్మ కొంగు దించి నా వైపు చూసింది.

"అట్లనా? నీ చేతిరాతనే నాకొస్తది, అచ్చు రాదనుకున్న బిడ్డా. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

సుజాతా, నువ్వు చేసింది ఇదీ. నోరు మూసుకుని నేను చేసింది కూడా ఇదే.

ఇందాక ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఈ పోస్ట్ అమ్మ చేతికిచ్చాను. ఈసారి నిజంగానే అద్దాలు పెట్టుకుంది. వేలు పెడితే స్క్రీన్ జరిగిపోతోందని విసుక్కుంది. అయినా వదల్లేదు.

"హార్ట్ ఎటాక్" దగ్గర వేలు ఆగింది.

"గుండె ఆగిందని రాయరాదు?" అంది.

రాస్తున్నానమ్మా. సుజాత గుండె ఆగింది.

నిన్ను ఇంకా క్షమించలేదే. అయినా పోయి రా. నీ మనసుకు అక్కడైనా నెమ్మది దొరకాలి.