డీజిల్ కలిపిన నూనె

పాడైన బేరింగ్ నా చేతిలో పెట్టి, ఎడపల్లిలో చెరుకు గానుగ ఆడించే అక్క ఒక్క మాటే అడిగింది. "నువ్వు జెప్పినట్టే పోసిన. గిట్లెందుకైంది?"

లోపలి రోలర్ల మీద పెచ్చులు లేచి ఉన్నాయి. ఆమె వాకిట్లో నరికిన చెరుకు గుట్టగా పడి ఉంది. రెండు రోజుల్లో గానుగ ఆడకపోతే రసం చెడిపోయి బెల్లం గట్టిపడదు.

బోధన్‌లో మా బాపు మెకానిక్ దుకాణం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. చలికాలం పొద్దున గానుగ ఇరుసును చేత్తో తిప్పి చూడడం మావాళ్ళ అలవాటు. బరువుగా తిరిగితే గేర్‌బాక్సు నూనెలో కాస్త డీజిల్ కలిపేస్తారు. బాపు మాటనే చిలకలా ఆమెకు అప్పజెప్పాను. డిప్లొమాలో నూనె పొర మీద పడే కోత ఒత్తిడి గురించి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని! ఆ చదువంతా ఏ గంగలో కలిసిందో.

చేత్తో తిప్పేటప్పుడు గానుగలో చెరుకుండదు. చెరుకు పడ్డాకే అసలు బరువు. అప్పుడు బేరింగ్ లోపలి రోలర్ కింద నూనె వెంట్రుకకన్నా ఎంతో పలుచని పొరగా నలిగి, ఒక్క క్షణం గట్టిపడుతుంది. పైన ఇనుము, కింద ఇనుము. వాటిలో ఒకటి రవ్వంత ముందుకు జారుతుంది. ఆ జారుడు నూనెను అడ్డంగా కోస్తుంది. చిక్కటి నూనె ఆ కోతను తానే భరిస్తుంది. డీజిల్ కలిపిన నూనె పొర నిలవదు, ఇనుము ఇనుమును కొరుకుతుంది.

"తప్పు నాదే అక్కా," అన్నాను. సిగ్గుతో ముఖం మండింది. "బేరింగ్ నేనే ఎక్కిస్త. చెరుకు ఆడేదాక ఇంటికి పోను."

"పోతనంటే పోనిస్తనా?" అంది.

గేర్‌బాక్సు విప్పి, ఇనుప రజనంతా కడిగి, నిజామాబాద్ నుంచి తెప్పించిన బేరింగ్ ఎక్కించి చిక్కటి నూనె పోశాను. మర్నాడు పొద్దున ఇరుసు బరువుగానే తిరిగింది. అక్క అనుమానంగా చూసింది. నేను తగ్గలేదు.

"బరువుంటే ఉండనీ. చెరుకు వెయ్యి అక్కా."

సాయంత్రానికి గుట్టంతా కరిగింది. వేడెక్కిందేమోనని ఆమె గేర్‌బాక్సు మీద, బేరింగ్ ఉన్న చోట అరచెయ్యి ఆనించింది; కాలకపోయేసరికి చాలాసేపు తియ్యలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మరి కోటగిరిల మా తమ్మునికి గూడ గట్లనే జెప్పినవు గదా," అంది చెయ్యి తుడుచుకుంటూ. "రెంజల్ల మా వదినెకు?"

నేను డీజిల్ పోయించిన గానుగలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అన్నీ ఆడుతూనే ఉండి ఉంటాయి. సామాను సంచి భుజాన వేసుకుని బండెక్కాను.

"మీ తమ్మునికి, వదినెకు ఫోన్ చెయ్యక్కా. నేనొచ్చేదాక గానుగలు ఆపుమను."