వియ్యంకుడి వాకిట్లో బండి

టీ గ్లాసులు ఏడాదికేడాది చిన్నవైపోతున్నాయి. ఇలాగే పోతే పోలియో చుక్కల్లా నోట్లో వేసి పంపించేస్తారు. తిరుత్తణి దాటాక అలాంటి గ్లాసొకటి పట్టుకుని నిలబడి ఉంటే, ఒక పెద్దాయన నా బండి చుట్టూ తిరిగి చూసి, "ఆర్.కె.పేటకేనా నాయనా?" అన్నాడు. నేను తలూపేలోపే వెనక సీటు ఎక్కేశాడు.

నేతపని ఆయనది. మనిషి బక్కగా ఉన్నా చెయ్యి మాత్రం బరువు. తెలిసినవాళ్లు కనబడితే చాలు, నా భుజం మీద ఒక్కటి వేసేవాడు. నేను నెమ్మది చెయ్యాలి, వాళ్లు ఆయన్ని బండి మీద చూడాలి. సాటి నేతగాళ్లని తెలుగులో, పూలమ్మే ఆమెని తమిళంలో, మటన్ కొట్టు సాయిబుని ఉర్దూలో పలకరించాడు. ఊరు చిన్నదే. నా భుజానికి మాత్రం పెద్దదనిపించింది.

ఊరి మధ్యకొచ్చాక అసలు సంగతి చెప్పాడు. తన కొడుకు కొత్త బండి కొన్నాడని ఆ ఊళ్లోనే ఉన్న కూతురి అత్తగారింట్లో కోతలు కోశాడట.

"ఈసారీ బస్సు దిగి పోతే నా బిడ్డకి ఆడ ఎగతాళి తప్పదయ్యా. ఈపొద్దుకి నువ్వే నా కొడుకువి. హెల్మెట్ తీయొద్దు, నోరు తెరవొద్దు."

ఇంత తేలికైన ఉద్యోగం నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఒప్పుకున్నాను.

వాకిట్లో దిగి మీసం దువ్వుకుంటూ, "చూడమ్మా, మా పిల్లోడు. వాని బండి" అన్నాడు.

వియ్యపురాలు నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

"మీ పిల్లోడు పొద్దున్నే బస్సులో వచ్చినాడన్నా. లోపల ఇడ్లీ తింటా ఉండాడు."