కడగకుండా రుద్దిన డాష్‌బోర్డు

మా ఆయన పెద్దకర్మ అయిన మర్నాడే మా మరిది షెడ్డుకు కొత్త తాళం వేశాడు. నేను ఏడ్చింది మనిషి కోసమా, తాళం కోసమా అంటే రెండింటికీ అనే చెబుతాను. నాకేం సిగ్గు లేదు.

ఆ షెడ్డు నాంపల్లిలో, స్టేషను వెనక సందులో ఉంది. పాత కార్ల మీద షోకు ఉన్నవాళ్ళు, తాతల నాటి బండిని మళ్ళీ కొత్తదానిలా చేయించుకోవాలనుకునేవాళ్ళు అక్కడికి వచ్చేవారు. బయటి రంగు ఊళ్ళో చాలామంది వేస్తారు. మా ఆయనది లోపలి పని. ఇనుప డాష్‌బోర్డు, దాని పక్క చిన్న అర మూత, తలుపుల మీది పట్టీలు, స్టీరింగు కింది గొట్టం అన్నీ విప్పేవాడు. పాత రంగు దించి, కొత్తది కొట్టి, మళ్ళీ బిగించేవాడు. బయటి రంగు రోడ్డు మీద పోయేవాళ్ళకు, లోపలి రంగు కూర్చున్నవాడికి అనేవాడు.

అందులో సగం పని నాది. కడగడం, రుద్దడం, రంగు తగలకూడని చోట పేపరు అంటించడం నేనే చేసేదాన్ని. చివరి రెండేళ్ళూ ఆయనకు దమ్ము ఆడక రంగు చిమ్మే గన్ను కూడా నా చేతికే ఇచ్చి, స్టూలు మీద కూర్చుని చూసేవాడు. మా మరిదికి ఇది తెలుసు. తెలిసే తాళం వేశాడు.

నేను షెడ్డుకు వెళితే గుమ్మంలోనే ఆపాడు. లోపల ఇద్దరు గిరాకీలు ఉన్నారు. వాళ్ళు వినేలాగే అన్నాడు.

"వదినా, ఏమనుకోకు. మొదటి కోటు కొట్టే రోజు నువ్వు ఎదురు రావొద్దు. మంచిగుండది. ఇంట్ల కూసో, నీకేం తక్కువ చేస్తం?"

మా సందులో ఒక పద్ధతి ఉంది. మొదటి కోటుకు ముందు గన్నుకు పసుపు కుంకుమ పెట్టి, అగరుబత్తి వెలిగించి, నిమ్మకాయ కోస్తారు. ముత్తయిదువ బొట్టు పెడితే ఇంకా మంచిదంటారు. మొన్నటిదాకా ఆ బొట్టు పెట్టింది నేనే. మొగుడు పోయేసరికి అదే చెయ్యి పాడు చెయ్యి అయిపోయింది.

పాడు చెయ్యి రంగు వేయడానికే పనికిరాలేదు, రుద్దడానికి బాగానే పనికొచ్చింది. నెల తిరగకముందే మా మరిది గోనెసంచుల్లో భాగాలు మూటకట్టి స్కూటరు మీద మా ఇంటికి తేవడం మొదలుపెట్టాడు. రుద్ది ఇవ్వు, ఎవరితోనూ అనకు అన్నాడు. గిరాకీలతో మాత్రం మొత్తం పని నా ఒక్కడిదే అని చెప్పుకునేవాడు. నాకు పొయ్యి వెలగాలి కదా, నోరు మూసుకుని చేశాను. ప్రతి భాగాన్నీ ముందు సబ్బునీళ్ళతో కడిగి, తర్వాత థిన్నరు గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే రుద్దే గరుకు కాగితం, వాటర్ పేపరు పట్టేదాన్ని. అతను ఎప్పుడూ అడగలేదు, నేను చెప్పలేదు. అతని రంగులు నిలిచాయి. పేరు అతనికి వచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా నా అన్నంలో రాళ్ళు తగిలినట్టుండేది.

ఇలా ఉండగా ఆబిడ్స్‌లో గడియారాల దుకాణం ఉన్న పెద్దాయన ఒకరు తన నాన్న కాలం నాటి కారు తెచ్చి అప్పగించారు. అందరూ ఆయన్ని సేఠ్ అంటారు. మనవరాలిని ఆ కారులోనే పెళ్ళికి తీసుకుపోవాలని ఆయన కోరిక. మా మరిది భాగాలు విప్పి, సంచిలో వేసుకుని తిన్నగా నా దగ్గరికే తెచ్చాడు.

డాష్‌బోర్డు మీద వేలు పెడితే సర్రున జారింది. సేఠ్ గారి డ్రైవరు ఎన్నేళ్ళుగానో మెరుపు కోసం పాలిష్ రుద్దినట్టున్నాడు. ఆ జిడ్డు కంటికి కనబడదు. కడగకుండా రుద్దితే అది గీతల్లోకి దిగి కూర్చుంటుంది. తర్వాత ఎంత మంచి రంగు కొట్టినా ఆ చోట నిలవదు, పక్కకు పారిపోయి గుంటలు పడుతుంది. నేను బకెట్టులో సబ్బు కలుపుతుంటే మా మరిది గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"ఏంది వదినా, గిన్నెలు తోముతున్నవా?"

"జిడ్డున్నది. కడగకుంటె రంగు పట్టది."

"నాకే నేర్పుతున్నవా? గన్ను పట్టేటోన్ని నేను. సాయంత్రానికి గావాలె, నువ్వు రుద్దు, గంతే."

"చెప్తున్న గద, జిడ్డు బాగున్నది."

"రుద్దుమన్న గద! అన్న నెత్తికెక్కిచ్చుకున్నడు నిన్ను. ఇప్పుడు దిగు."

దిగు అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే అతను వెళ్ళాక కడిగేదాన్నేమో. సరే అన్నాను. బకెట్టు మోరీలో గుమ్మరించాను. పేపరు తీసుకుని, అతను చెప్పింది చెప్పినట్టు, అంచు వదలకుండా, మూల వదలకుండా రుద్దాను. జిడ్డును ఇనుములోకి తొక్కినట్టు రుద్దాను. సేఠ్ గారికి అన్యాయం చేస్తున్నానని అనిపించలేదు. రంగు దించితే దిగుతుంది, మళ్ళీ వేస్తే ఎక్కుతుంది. నాకు కావలసింది వేరే. ఆ షెడ్డులో నా చోటు నాకు కావాలి, దాన్ని అతను తన నోటితోనే పోగొట్టుకోవాలి. చాలాకాలానికి ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మర్నాడు పొద్దున సందంతా వినబడేలా కేక వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిదానంగా వెళ్ళాను. షెడ్డులో తీగకు వేలాడుతున్న డాష్‌బోర్డుకు అమ్మవారు పోసినట్టు నిండా గుంటలు. పక్కనే సేఠ్ గారు చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. రంగు చూసుకుందామని ముచ్చటపడి వచ్చినట్టున్నారు, ముఖం మాడిపోయి ఉంది.

"ఏం జేసినవ్ వదినా గీటిని?" అన్నాడు మా మరిది.

"రుద్దిన. నువ్వు రుద్దుమన్నవ్."

అతను సేఠ్ గారి వైపు తిరిగి నెత్తి కొట్టుకున్నాడు.

"చూసిన్రా సేఠ్! మొగుడు పోయిన చెయ్యి. ఆ చెయ్యి పడ్డంక రంగు నిలుస్తదా? పాపమని పని ఇస్తే గిట్లయింది."

సేఠ్ గారు కర్ర నేలకు కొట్టారు.

"ఆగు జర. ఈమెతోని రుద్దిపిచ్చినవా? మొత్తం నేనే చేస్త అన్నవ్ గద నాతోని?"

సేఠ్ గారు నా వైపు చూశారు.

"నువ్వు చెప్పమ్మా. మా దోస్త్ బండి మొన్న గీన్నే అయింది. దాని లోపలిది ఎవరు రుద్దిన్రు?"

"నేనే సేఠ్. మా ఆయన పోయినంక గీ షెడ్డుకెల్లి పోయిన ప్రతి బండిదీ నేనే."

"మరి గవి అద్దంలెక్క ఉన్నయి గదరా! అప్పుడు ఈమెకు మొగుడున్నడా?"

పక్క షెడ్డులో సీట్లు కుట్టే ముసలాయన కిసుక్కున నవ్వాడు. నేను నవ్వలేదు. నవ్వితే తొందరగా అయిపోతుంది. మా మరిది ముఖంలో రంగులు మారడాన్ని తీరిగ్గా చూస్తూ నిలబడ్డాను.

"పెండ్లి దగ్గరికొచ్చింది. ఇప్పుడేం జెయ్యాలె? బండి తీస్కపోయి వేరేటోళ్ళకు ఇయ్యాల్నా?" అన్నారు సేఠ్ గారు.

"నేను చేస్త. గన్ను నా చేతికి రావాలె. తాళంచెవి ఒకటి నాకియ్యాలె. కడుగుడు మాత్రం మా మరిదే కడగాలె, గీడనే, నల్లకాడ."

"వదినా!" అన్నాడు.

"ఏం తమ్మీ? గిన్నెలు తోముడే గద."

బండి పోతే సందులో పరువు పోతుంది, ఆబిడ్స్ గిరాకీలంతా పోతారు. అతను సేఠ్ గారిని చూశాడు, నన్ను చూశాడు, ప్యాంటు మడిచాడు. గుంటలు పడ్డ రంగు దించి, సబ్బు పెట్టి, వీధి నల్లా దగ్గర గొంతుక్కూర్చుని కడిగాడు. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూశారు. నేను వేలు పెట్టి చూసి, మూల మిగిలింది, మళ్ళీ కడుగు అన్నాను. మూల ఏమీ మిగలలేదు. అయినా కడిగించాను.

తర్వాత గన్నుకు నేనే బొట్టు పెట్టాను. ఎవరూ వద్దనలేదు. రంగు పాలమీగడలా పరుచుకుంది. సేఠ్ గారి మనవరాలు ఆ కారులోనే పెళ్ళికి వెళ్ళింది.

మా అత్త వచ్చి, చిన్నోడు, కొడుకు లాంటోడు, మనసులోంచి తీసేయి అంది. నేను వినిపించుకోలేదు. గుమ్మంలో నన్ను ఆపినప్పుడు కొడుకు అన్న మాట ఆవిడకు గుర్తు రాలేదు. ఇప్పుడు షెడ్డులో గన్ను నాది, నల్లా అతనిది. అతను పని బాగానే నేర్చుకున్నాడు, వంక పెట్టడానికి ఏమీ దొరకడం లేదు. అది కూడా నాకు కోపంగానే ఉంది. తలెత్తి ఇటు చూస్తాడేమోనని రంగు కొడుతూ మధ్యలో ఆగి నిలబడతాను. చూడడు. తల వంచుకుని కడుగుతూనే ఉంటాడు. చూసేదాకా నేను అక్కడే ఉంటాను.