కుళ్ళాయమ్మ మోసిన చౌడు

పెనుకొండలో ఏ ఇంటి గోడ బీటలిచ్చినా మొదట ఓబుళప్పకే కబురు పోయేది. తండ్రి దగ్గర నేర్చిన పని అది. కొత్త ఇల్లు కట్టినవాడికైతే పేరుంటుంది, పాత గోడ పడకుండా ఆపినవాడిని ఎవరు తలుచుకుంటారు? అతనికి దాని మీద ధ్యాసే లేదు. వస్తూనే గోడకు అరచెయ్యి ఆనించేవాడు, దారానికి గుండు కట్టి పైనుంచి వదిలేవాడు, తర్వాత ఇంటావిడను పిలిచి వాననీళ్లు ఎటు పోతాయని అడిగేవాడు. పునాదికి తేమ తగిలిందో, ఎలుకలు తవ్వాయో, మూలరాయి జారిందో అక్కడికక్కడే తేల్చి చెప్పేవాడు. ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని నీళ్లు నమలడం అతనికి చేతకాదు. గోడల దగ్గర మొహమాటపడితే మనుషులు పోతారనేవాడు. అంత మాట అన్న మనిషి, సొంత ఇంటి గోడ గురించి భార్యకు ఏళ్ల తరబడి అబద్ధం చెబుతూ వచ్చాడు.

అతనిదీ ఊళ్లో అందరి ఇళ్లలాంటి మట్టిమిద్దే. రాళ్లను మట్టితో పేర్చిన గోడలు, వాటి మీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, ఆపైన కట్టెలూ ఆకూ పరిచి మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. చౌడు నేలల నుంచి తవ్వి తెచ్చే ఆ మట్టి తడిస్తే బిగుసుకుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు పాత పొరను గోకి దించి, కొత్తది పోసుకోవాలి.

వాళ్ల బిడ్డ నీలావతి నడక నేర్చిన ఏడు ఆ పొర పడలేదు. ఓబుళప్ప హిందూపురంలో ఒక సత్రం గోడ పనిలో ఉండిపోయాడు. అతని భార్య కుళ్ళాయమ్మ ఎరువు మోసే కూలికి పోతూ, చౌడు రేపు పోద్దాం, ఎల్లుండి పోద్దాం అనుకుంది. వాన ముందే వచ్చింది. ముసురు పట్టి ఇల్లంతా కారింది. బిడ్డను ఏ మూలకు మార్చినా తడిసింది. జ్వరం వచ్చింది, రొమ్ము పట్టేసింది. ఓబుళప్ప రైలు దిగి ఇల్లు చేరేసరికి పాప లేదు.

తప్పు నీదని అతను ఒక్కనాడూ అనలేదు. ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనీ లేదు. మరుసటి ఎండాకాలం కుళ్ళాయమ్మ తట్ట ఎత్తుకుంది. ఒక పొరతో ఆగేది కాదు, ఒళ్లు హూనమయ్యేదాకా చౌడు మోసి పోసేది. పాతది గోకనిచ్చేది కాదు, తీస్తే ఎక్కడ సందు పడుతుందోనని ఆమె భయం. పోసిన రోజు మాత్రం ఒళ్లెరగకుండా నిద్రపోయేది. ఏడాది పొడుగునా ఆమె కంటికి అలాంటి కునుకు ఇంకోసారి పట్టేది కాదు.

ఏటికేడూ మిద్దె మీద మట్టి పెరిగింది. వీధి వైపు గోడ బయటికి పొట్ట వేసింది. బరువు తట్టుకోలేకనే అని ఓబుళప్పకు చూసిన రోజే తెలుసు. ఆమె అడిగితే ఒక ఏడు ఎలుకలన్నాడు, ఇంకో ఏడు పక్కింటి తొట్టి నీళ్లన్నాడు. బీటల్లో మట్టి కూరి, పైన పూత పూశాడు. వేరే ఎవరి ఇంట్లోనైనా అలాంటి పని చేసినవాణ్ణి దుమ్మెత్తిపోసేవాడే. ఆ గోడ పడితే తామిద్దరూ దాని కిందే పోతారని తెలిసి కూడా, ఎండాకాలం రాగానే ఆమె తట్ట ఎత్తుకుంటే తల తిప్పుకుని వీధిలోకి పోయేవాడు. ప్రేమ అనాలో, చేతకానితనం అనాలో మరి.

యుద్ధం రోజుల్లో ధర్మవరం నుంచి జయరాముడనే నేతగాడు పిలిపించాడు. పట్టుచీరలు నేసే అతని మగ్గం పక్క గోడ వీధిలోకి వాలుతోంది. మొగుడూ పెళ్లాలిద్దరూ రైలెక్కి వెళ్లారు. ఎక్కడికి పోయినా మట్టి తొక్కి అందించేది ఆమే. ఓబుళప్ప గుండు వదిలి చూశాడు, మిద్దె ఎక్కి గడ్డపార దించి చూశాడు. పనిలో పడితే అతనికి పక్కన ఎవరున్నదీ గుర్తుండదు.

"గోడది తప్పేం లేదప్పా," అన్నాడు దిగివస్తూ. "మట్టి మీద మట్టి పోసి మీరే నూకేస్తాండారు. ఇంగో ముసురు పడితే ఆ బరువుకు కూలిపోతాది. అంతా దించేసి బెత్తెడు చౌడు పోయండి, సాలు."

అన్నాక గుర్తొచ్చింది. తిరిగి చూస్తే కుళ్ళాయమ్మ మట్టి తొక్కడం ఆపేసి నిలబడి ఉంది.

ఆ ఇంటి పని ముగిశాక ఆమె తిరుగు రైల్లో అడిగింది.

"మన గోడ గూడా దానికేనా?"

ఎలుకల పేరు ఇంకోసారి చెప్పి తప్పించుకోవచ్చు. ఓబుళప్పకు అబద్ధమాడే ఓపిక అయిపోయింది. ఊ అన్నాడు.

"ఇన్నేండ్లు నన్ను ఎందుకు మొయ్యనిస్తివి?"

"మోసిన పొద్దు నిద్రపోతాంటివి గదా," అన్నాడు.

ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఇల్లు చేరాక దూలాలకు కింద మొద్దులు ఆనించి, ఇద్దరూ కలిసి మిద్దె మీది మట్టి దించారు. తను మోసిందంతా ఆమే తట్టలకెత్తి కిందికి పోసింది. ఓబుళప్ప పొట్ట వేసిన మేరకు గోడ విప్పాడు. లోపలి వరసనూ బయటి వరసనూ కలిపి పట్టుకునేలా మధ్యమధ్య పొడుగు రాళ్లు వేసి మళ్లీ కట్టాడు. చివరికి చౌడు పోయడం మిగిలింది. ఆ పని ఎవరినీ ముట్టనివ్వకుండా కుళ్ళాయమ్మే చేసింది. బెత్తెడే పోసి చదును చేసి దిగేసరికి ఇంకా పొద్దుటి సద్ది తినే వేళ దాటలేదు. ఖాళీ తట్ట పట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. భయపడుతోందేమోనని ఇంకో పొర పోద్దామా అన్నాడు. వద్దంది.

ఆ ఏడు ముసురు గట్టిగానే పట్టింది. ఆమె దంతెల వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క చుక్క కారలేదు. ఓబుళప్ప గోడంతా తడిమి చూసి, చెమ్మ కూడా లేదని చెప్పబోయాడు. కుళ్ళాయమ్మ ఏడుస్తోంది. బిడ్డ పోయిననాడు కూడా ఆమె అలా ఏడవలేదు.

"ఒక్క పూట పని," అంది. "ఒక్క పూట పనికి పోయె గదా నా బిడ్డ."

ఓబుళప్ప ఆమె పక్కన పొడినేల మీద కూలబడ్డాడు. బెత్తెడు చాలని చెప్పిననాడు ఆమె నోట వచ్చే ఆ మాట వినలేకనే అతను ఇన్నేళ్లూ పడబోయే గోడ కింద పడుకున్నాడు.